ఛెత్రి చోట ఎవరు?

(ఫుట్‌బాల్ అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ముందుగా మూడు మ్యాచ్‌లు గుర్తు చేస్తాను.

2024 మార్చి 26, గువాహటి. ప్రపంచకప్ క్వాలిఫయర్, ఎదురుగా అఫ్గానిస్తాన్. మన కెప్టెన్ సునీల్ ఛెత్రికి భారత జట్టు తరఫున అది 150వ మ్యాచ్. మొదటి సగంలోనే పెనాల్టీ కొట్టాడు, 1-0తో మనం ముందున్నాం. మ్యాచ్ అయ్యేసరికి 1-2. అదే ఏడాది జూన్ 11, దోహా, ఖతర్‌తో. చాంగ్తే గోల్ కొట్టాడు, మళ్లీ మనమే ముందు. ఖతర్ సమం చేసిన గోల్ గురించి మీకు చెప్పనక్కర్లేదు. గీత దాటిపోయిన బంతిని లోపలికి లాగి కొట్టారు, రిఫరీ ఒప్పుకున్నాడు. ఆ అన్యాయం ఇప్పటికీ కడుపులో రగులుతూనే ఉంది. కానీ ఆ తర్వాత ఇంకో గోల్ కూడా తిన్నాం, అది మాత్రం ఎవరి తప్పూ కాదు, మనదే. 1-2. మూడోది 2025 అక్టోబరు 14, మడ్గావ్, సింగపూర్‌తో. మళ్లీ చాంగ్తేయే, దూరం నుంచి, చూస్తే కళ్లు చల్లబడే గోల్. మళ్లీ 1-2. దాంతో 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది.

మూడింట్లోనూ ముందు గోల్ కొట్టింది మనమే. మూడూ ఒకే లెక్కతో పోయాయి.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, ఈ సమావేశానికి పెట్టిన అంశం ‘ఛెత్రి చోట ఎవరు’ అని. ఇద్దరు ఫుట్‌బాల్ అభిమానులు ఎక్కడ కలిసినా ఇదే వాదన. ఒకాయన మన్వీర్ అంటాడు, ఇంకొకాయన రహీమ్ అలీ అంటాడు, కుర్రాళ్లు ఇర్ఫాన్ యాద్వాడ్ అంటారు. గోల్స్ కొట్టేవాడు లేక ఓడుతున్నాం అన్నది ఆ వాదన వెనకున్న నమ్మకం. అందులో చాలావరకు నిజం ఉంది, కాదనను. 2024లో మన జట్టు 11 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. కొట్టిన గోల్స్ మొత్తం నాలుగు. జనవరిలో ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాల మీద ఒక్క గోల్ లేదు. ఆ తర్వాత ఏడాదంతా కలిపి ఛెత్రి పెనాల్టీ, దోహాలో చాంగ్తే, వియత్నాంలో ఫారూఖ్ చౌదరి, ఇక్కడే గచ్చిబౌలిలో మలేసియా మీద రాహుల్ భేకే. భేకే డిఫెండర్. అంటే సెంటర్ ఫార్వర్డ్‌గా, ముందు వరస మధ్యలో నిలిచే స్ట్రైకర్‌గా దిగినవాడు ఆట మధ్యలో కొట్టిన గోల్ కోసం వెతకాల్సిన పరిస్థితి.

కానీ ఆ మూడు మ్యాచ్‌ల్లో మనం గోల్ కొట్టాకే ఓడాం. అక్కడ ఏం జరిగిందో చూస్తే స్ట్రైకర్ ఎంపిక గురించి నా అభిప్రాయం ఏమిటో మీకు అర్థమవుతుంది.

మనం ముందున్నాం. ఎదుటివాడు మీదకి వస్తాడు, రావడం సహజం. మన డిఫెండర్లు బంతిని దూరంగా కొడతారు. అది గాలిలో మధ్యగీత దాటుతుంది. అక్కడ మనవాడు ఒక్కడే ఉంటాడు, వెనక ఎదుటి జట్టు సెంటర్ బ్యాక్, అంటే మధ్యలో కాసే డిఫెండర్, మోచెయ్యి వీపుకి ఆనించి నిలబడి ఉంటాడు. ఇప్పుడు మనవాడు ఆ బంతిని ఛాతీ మీదో తొడ మీదో దించి, మూడు సెకన్లు, మూడంటే మూడే, పట్టుకోగలిగితే చాలు. వెనకున్న మిడ్‌ఫీల్డ్ పదిహేను గజాలు పైకొస్తుంది. డిఫెన్స్ ఊపిరి పీల్చుకుంటుంది. పట్టుకోలేకపోతే ఆ బంతి గోడకేసి కొట్టిన బంతిలా తిరిగొచ్చేస్తుంది. అదీ మన డిఫెన్స్ ఇంకా సర్దుకోకముందే. అలా ఇరవై సార్లు తిరిగొస్తే ఇరవై ఒకటోసారి ఎవడో ఒకడు కాలు జారతాడు. ఆ కాలు జారినవాణ్ణి మనం తిడతాం.

గువాహటిలో అయినా, మడ్గావ్‌లో అయినా రెండో సగం నాకు ఇలాగే కనిపించింది. అందుకని నా మాట ఇది: మనకి కావలసిన స్ట్రైకర్ గోల్ వైపు వీపు పెట్టి బంతిని నిలపగలిగేవాడు. గోల్స్ పట్టిక చూసి ఎంచుకుంటే మళ్లీ మోసపోతాం.

ఇలా అంటే కొందరికి కోపం వస్తుంది. స్ట్రైకర్ పని గోల్ కొట్టడం కాదా అని. అవును, పని అదే. కానీ బంతి అతని దగ్గర నిలిస్తే మిగతావాళ్లు గోల్స్ కొడతారు. మనకి చాంగ్తే ఉన్నాడు, లిస్టన్ కొలాసో ఉన్నాడు, వీళ్లిద్దరూ పక్కగీత వెంబడి దూసుకెళ్లే వింగర్లు, ఈ ఖండంలో ఏ ఫుల్ బ్యాక్‌నైనా, అంటే పక్కన కాసే డిఫెండర్‌నైనా, ఇబ్బంది పెట్టగలరు. వాళ్లు పరిగెత్తడం మొదలుపెట్టడానికి ఎవరో ఒకరు బంతి పట్టుకుని ఆగాలి.

ఛెత్రి ఏం చేసేవాడో ఒకసారి గుర్తు చేసుకుందాం, ఎందుకంటే ఆయన్ని గోల్స్ లెక్కలోనే గుర్తుపెట్టుకుని మిగతాది మరిచిపోతున్నాం. పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1984లో. 2005లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద మొదటి మ్యాచ్, మొదటి గోల్. 2024 జూన్ 6న కోల్‌కతా సాల్ట్ లేక్‌లో కువైట్‌తో 0-0 ఆడి సెలవు తీసుకునేనాటికి 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. అప్పటికి ఆడుతున్నవాళ్లలో రొనాల్డో, మెస్సీల తర్వాత పేరు ఆయనదే. వేసుకున్న చొక్కా 11, సెంటర్ ఫార్వర్డ్‌లు వేసుకునే తొమ్మిది కాదు. అది ఊరికే చెప్పడం లేదు. ఆయన అచ్చమైన సెంటర్ ఫార్వర్డ్‌గా కంటే, కొంచెం కిందకి దిగి బంతి అందుకుని, పక్కకి ఇచ్చి, అప్పుడు గోల్ ముందున్న బాక్స్‌లోకి వెళ్లేవాడు. ఎత్తు తక్కువ. అయినా హెడర్లు కొట్టేవాడు. ఎలా? డిఫెండర్ కంటి వెనక నిలబడేవాడు. పక్కనుంచి గోల్ ముందుకి వేసే బంతి, అదే క్రాస్, వచ్చే ముందు ఒక అడుగు ముందుకి వేసినట్టు వేసి, డిఫెండర్ బరువు అటు మళ్లగానే వెనక్కి జారేవాడు. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవ్స్ మీద కొట్టిన 95వ గోల్ చూడండి. లిస్టన్ క్రాస్, ఈయన హెడర్. వయసు నలభై. అక్కడ ఎవరూ ఆయనకంటే ఎత్తు ఎగరలేదని కాదు, ఆయన ముందే అక్కడున్నాడు.

ఈ రెండు పనులు, అంటే కిందకి దిగి బంతి నిలపడం, తర్వాత బాక్స్‌లో సరైన చోట తేలడం, ఒకే మనిషి ఇరవై ఏళ్లు చేశాడు. ఆయన తప్పుకున్నాక మనం ఒక మనిషి కోసం వెతుకుతున్నాం. పోయినవి రెండు పనులు.

నేను 2024 సెప్టెంబరు 3న గచ్చిబౌలి స్టేడియంలో ఉన్నాను. ఇంటర్‌కాంటినెంటల్ కప్, మారిషస్‌తో. కొత్త కోచ్ మనోలో మార్కెజ్‌కి మొదటి మ్యాచ్, ఛెత్రి లేకుండా మనకీ మొదటి మ్యాచ్. మీలో చాలామంది వచ్చే ఉంటారు. నేను బంతిని వదిలేసి మన ముందువాణ్ణి చూస్తూ కూర్చున్నాను, ఇది నాకు పాత అలవాటు. వింగ్‌లో బంతి పడగానే మనవాడు దగ్గరి పోస్ట్‌కి పరిగెత్తి చెయ్యి ఎత్తేవాడు. బంతి రాదు. వింగర్ ఒకసారి లోపలికి తిప్పుకుంటాడు, ఇంకోసారి తిప్పుకుంటాడు, ఈలోపు బాక్స్ నిండా ఎదుటి జట్టువాళ్లు నిండిపోతారు. అప్పుడు క్రాస్ వస్తుంది, అదీ దూరపు పోస్ట్‌కి. చెయ్యి దించి మళ్లీ వెనక్కి నడుచుకుంటూ వచ్చేవాడు. మొదట్లో ప్రతిసారీ పరిగెత్తాడు. గంట దాటాక పరుగు తగ్గింది. మనిషే కదా, రాని బంతి కోసం ఎన్నిసార్లు పరిగెడతాడు? మ్యాచ్ 0-0. బయటికొస్తుంటే అందరి నోటా ఒకటే మాట, ‘ఫార్వర్డ్ పనికిరాడు’ అని.

ఆ రోజే నాకు అనిపించింది, మనం ఎవణ్ణి పెట్టినా అదే మాట అంటాం అని.

(సభలో ఒకరు: "మరి హాంకాంగ్‌లో బంతి వచ్చింది కదా సార్?")

వచ్చింది. మంచి ప్రశ్న. 2025 జూన్ 10, కై టాక్ స్టేడియం. లిస్టన్ బంతి ఇచ్చాడు, ఆషిక్ కురునియన్ ముందు గోల్ తెరిచి ఉంది, బయటికి కొట్టాడు. చివరికి ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ ఇచ్చి 0-1తో ఓడాం. ఆ మిస్‌ని నేను వెనకేసుకు రాను, అంతర్జాతీయ మ్యాచ్‌లో అది గోల్ కావాలి. కానీ ఆషిక్ ఎవరు? వింగర్. క్లబ్బుల్లో లెఫ్ట్ బ్యాక్‌గా కూడా ఆడించారు. బాక్స్ మధ్యలో, పన్నెండు గజాల దూరంలో, బంతి పక్కనుంచి వస్తుంటే శరీరం ఎలా తెరవాలి, ఏ కాలు ఆనించాలి అన్నది ఆలోచించే పని కాదు. కొన్ని వందల మ్యాచ్‌లు అక్కడ నిలబడితే కాలికి వచ్చే పని. ఆ చోట నిలబడే అవకాశం మనవాళ్లకి ఏ క్లబ్బు ఇచ్చింది?

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, విసుక్కోకండి.

మన పెద్ద క్లబ్బులు ఆడే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) 2014లో మొదలైంది. 2024-25 వరకు 11 సీజన్లు. ప్రతి సీజన్‌లో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి గోల్డెన్ బూట్ ఇస్తారు. మొదటి ఏడాది బ్రెజిల్ ఆటగాడు ఎలానో. గోవా తరఫున కోరోమినాస్ రెండుసార్లు. మన హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచిన 2021-22లో ఒగ్బెచే, 18 గోల్స్. 2024-25లో నార్త్ ఈస్ట్ యునైటెడ్ తరఫున మొరాకో ఆటగాడు అలాదీన్ అజారే 23. పదకొండుసార్లలో ఒక్కసారీ భారతీయుడు లేడు. అదే 2024-25లో మనవాళ్లలో అందరికంటే ఎక్కువ కొట్టింది ఎవరో తెలుసా? ఛెత్రి. 14 గోల్స్. జాతీయ జట్టు నుంచి తప్పుకున్న నలభై ఏళ్ల మనిషి.

మోహన్ బగాన్ ఆ ఏడాది లీగ్ దశలో మొదటి స్థానానికిచ్చే షీల్డూ, ఫైనల్ గెలిస్తే ఇచ్చే కప్పూ రెండూ గెలిచింది. ముందు వరసలో మెక్లారెన్, కమింగ్స్, పెట్రాటోస్, స్టీవర్ట్, అందరూ విదేశీయులే. మన్వీర్ సింగ్ ఆ జట్టులోనే ఉన్నాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి, ఒళ్లు గట్టిగా ఉంటుంది, డిఫెండర్‌ని ఆనుకుని నిలబడగలడు. ఎక్కడ ఆడతాడు? కుడి వింగ్‌లో. వారం వారం గీత వెంబడి పరిగెత్తి క్రాస్‌లు వేస్తాడు, కింద ఫుల్ బ్యాక్‌కి సాయం చేస్తాడు. జాతీయ జట్టు శిబిరానికి రాగానే నువ్వు సెంటర్ ఫార్వర్డ్‌వి అంటాం. ఏడాదంతా కారు నడిపినవాడికి పండగ రోజు పడవ ఇచ్చి ఏరు దాటించమన్నట్టు.

క్లబ్బులని తప్పుపట్టను. గెలవాలి, డబ్బు పెట్టినవాడు ఫలితం అడుగుతాడు. బరిలో నలుగురు విదేశీయులకి చోటుంటే మొదట నింపేది తొమ్మిదో నెంబరే. ప్రపంచమంతటా అంతే. దీనివల్ల ఇంకో మేలు కూడా జరిగింది, దాన్ని ఎవరూ చెప్పరు. మన డిఫెండర్లు బాగుపడ్డారు. సందేశ్ జింగాన్, అన్వర్ అలీ, భేకే లాంటివాళ్లు వారం వారం ఒగ్బెచేనో మెక్లారెన్‌నో కాసుకోవాలి. గట్టివాడితో తలపడితే గట్టితనం వస్తుంది. చూడండి, ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చిన మొదటి మ్యాచ్‌లో, 2025 ఆగస్టులో, తజికిస్తాన్‌ని వాళ్ల గడ్డ మీద 2-1తో గెలిచాం. గోల్స్ ఎవరివి? అన్వర్ అలీ, జింగాన్. ఇద్దరూ సెంటర్ బ్యాక్‌లు. మాల్దీవ్స్ మీద మొదటి గోల్ భేకే. ఒకే లీగ్ మన డిఫెండర్లకి బడి అయింది, మన ఫార్వర్డ్‌లకి బరి బయట కూర్చునే బెంచీ అయింది.

గచ్చిబౌలిలోనే 2024 డిసెంబరు 31న, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బెంగాల్, కేరళ. ఇంజురీ టైమ్‌లో రోబి హాన్స్‌డా కొట్టిన గోల్‌తో బెంగాల్ గెలిచింది. ఆ టోర్నమెంట్‌లో అతనివి 12 గోల్స్. విదేశీయులు లేని టోర్నమెంట్ కాబట్టి ఆ చోట ఒక భారతీయుడు నిలబడ్డాడు, నిలబడ్డాడు కాబట్టి కొట్టాడు. సంతోష్ ట్రోఫీ డిఫెండర్లు వేరు, ఆసియా డిఫెండర్లు వేరు, నిజమే. కానీ అలాంటి కుర్రాడు తర్వాతి మెట్టులో వారం వారం తొంభై నిమిషాలు ఎక్కడ ఆడతాడు? ఆ మెట్టు మనం కట్టలేదు. పైగా 2025లో ఐఎస్‌ఎల్ సమయానికి మొదలే కాలేదు, హక్కుల ఒప్పందం తెగక లీగే నిలిచిపోయింది. ఆడుకోవడానికి మ్యాచ్‌లే లేని ఫార్వర్డ్ నుంచి మనం గోల్స్ ఆశించాం.

ఇంక నేను పిల్లలకి నేర్పేచోట చూసింది చెబుతాను. నేను పద్నాలుగేళ్ల లోపు కుర్రాళ్లకి సాయంత్రాలు నేర్పుతాను. ఒక అబ్బాయి ఉన్నాడు, వయసుకి మించిన ఎత్తు. వాణ్ణి మధ్యలో నిలబెట్టి, వెనక ఒకణ్ణి ఆనించి, ఎదురుగా నేను బంతి వేస్తాను. పని చాలా చిన్నది. బంతి వచ్చేలోపు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూడాలి. చేతులు కొంచెం వెడల్పు చేసి వెనకవాణ్ణి తాకి వాడెక్కడున్నాడో తెలుసుకోవాలి. మోకాళ్లు వంచి, పిరుదులు వెనక్కి పెట్టి, బంతిని వెనకవాడికి దూరంగా ఉన్న కాలితో ఆపాలి. ఆపి, వచ్చేవాడికి ఇవ్వాలి. అంతే. మొదటి నెల వాడు పదిసార్లలో ఏడుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. ఒకరోజు నా దగ్గరికొచ్చి "సార్, నన్ను వింగ్‌లో వేయండి సార్, ఇక్కడ తన్నులే తప్ప బంతి రాదు" అన్నాడు. వాళ్ల నాన్నగారు కూడా అదే అడిగారు, వింగర్లకే క్లబ్బుల్లో చోటుంటుందట కదండీ అని. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. టీవీలో చూసిందే చెప్పారు. దేశంలో ఎత్తుగా, బలంగా ఉన్న ప్రతి పద్నాలుగేళ్ల కుర్రాడూ ఆ మాటే అంటున్నాడు, ప్రతి తండ్రీ ఆ మాటే అంటున్నాడు. మన సెంటర్ ఫార్వర్డ్ అక్కడ పోతున్నాడు.

ఆ అబ్బాయిని నేను వింగ్‌కి పంపలేదు. ఇప్పుడు పదిలో నాలుగుసార్లే పోగొట్టుకుంటున్నాడు.

మన చరిత్రలోకి ఒక్కసారి వెళ్లొస్తాను. 1962 జకార్తా ఆసియా క్రీడలు. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, సయ్యద్ అబ్దుల్ రహీం. ఒంట్లో క్యాన్సర్, మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం, ఈ ముగ్గురిని మించిన ముందు వరస ఈ దేశం చూడలేదు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడాం. తర్వాత థాయిలాండ్ మ్యాచ్‌లో సెంటర్ బ్యాక్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో ఆడించలేని పరిస్థితి. రహీం సాబ్ ఏం చేశారు? అతణ్ణి తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు, తలకి కట్టుతో సహా. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు. ఫైనల్లో అదే కొరియా మీద పీకే ఒకటి, జర్నైల్ ఒకటి, రెండూ మొదటి ఇరవై నిమిషాల్లోనే. చివర్లో ఒకటి తిన్నా 2-1తో బంగారం. ఆధిక్యం వచ్చాక గంటకి పైగా నిలబెట్టుకున్నారు చూడండి, నేను మొదట చెప్పిన మూడు మ్యాచ్‌ల్లో మనకి చేతకానిది అదే.

రహీం సాబ్ దగ్గర ముగ్గురు గొప్ప ఫార్వర్డ్‌లు ఉన్నారు. మధ్యలో పెట్టడానికి ఇంకో గోల్స్ వీరుణ్ణి వెతకలేదు ఆయన. ఎదుటి డిఫెండర్లని ఢీకొని చోటు చేయగల బండలాంటి మనిషిని పెట్టారు. చుట్టూ ఉన్నవాళ్లకి ఏం కావాలో చూసి మధ్యవాణ్ణి ఎంచుకున్నారు. అరవై ఏళ్లు దాటింది, ఈ ఊరి మనిషి చేసి చూపించిన పని ఇది. మనం మాత్రం ఇంకా చుట్టూ ఎవరున్నారో చూడకుండా మధ్యలో ఎవరని వాదించుకుంటున్నాం.

మిగతా లోపాలు తొందరగా చెప్పేస్తాను. గోల్‌కీపింగ్‌లో మనుషులున్నారు, నిర్ణయాలు తేడా వస్తున్నాయి. మలేసియా మ్యాచ్‌లో గుర్‌ప్రీత్ బయటికొచ్చి అందుకోలేకపోయాడు, ఖాళీ గోల్‌లోకి కొట్టారు. అది ఒక రోజు పొరపాటు, దాని మీద కూర్చోను. మిడ్‌ఫీల్డ్‌లో పరిగెత్తేవాళ్లు, లాక్కునేవాళ్లు ఉన్నారు. అపుయా, సురేశ్, జీక్సన్ ఎవరికీ తీసిపోరు. రెండు వరసల మధ్య బంతి అందుకుని, తల ఎత్తి, ముందుకి ఒక్క పాస్ ఇచ్చేవాడు బ్రాండన్ ఫెర్నాండెజ్ తప్ప ఎవరని అడిగితే నేనూ ఆలోచిస్తాను. అతని కార్నర్లే మనకి గోల్స్ తెచ్చాయి, భేకేవి రెండూ అలా వచ్చినవే. అతను లేని రోజు మన ఆటలో తాళంచెవి లేదు. ఫుల్ బ్యాక్‌లు పైకి వెళ్లడానికి భయపడుతున్నారు. ఎందుకంటే ముందు బంతి నిలవదని వాళ్లకి తెలుసు. పైకెళ్తే బంతి తిరిగొచ్చేసరికి వాళ్ల వెనక ఖాళీ. చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం.

ఛెత్రిని వెనక్కి పిలవడం గురించి. 2025 మార్చిలో పిలిచారు, వచ్చాడు. ఆయన మీద నాకున్న గౌరవం మాటల్లో పెట్టలేను, పిలిస్తే కాదనకుండా వచ్చిన మనిషి. పిలవడం మాత్రం పొరపాటేనని నా అభిప్రాయం. మాల్దీవ్స్‌తో గెలిచాం, దాదాపు 16 నెలల తర్వాత దొరికిన గెలుపు అది. సంతోషించాను. కానీ ఆ తర్వాత ప్రతి మ్యాచ్‌కీ ‘ఛెత్రి ఎప్పుడు దిగుతాడు’ అని చూశాం, బరిలో ఉన్న కుర్రాణ్ణి చూడలేదు. ఆ నెలలన్నీ ఒక కొత్త సెంటర్ ఫార్వర్డ్‌కి ఇచ్చి ఉంటే, ఓడినా, ఈ రోజు మన చేతిలో ఒక మనిషి ఉండేవాడు. నవంబరులో బంగ్లాదేశ్‌తో ఢాకా మ్యాచ్‌కి ఆయన్ని తీసుకోలేదు, అక్కడా 0-1తో ఓడాం. రెండిటికీ చెడ్డాం.

(సభలో ఒకరు: "రయాన్ విలియమ్స్ లాంటివాళ్లని తెచ్చుకుంటే?")

విలియమ్స్ ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని మన పౌరుడయ్యాడు. మనకి ద్వంద్వ పౌరసత్వం లేదు కాబట్టి అది చిన్న త్యాగం కాదు. అలా వచ్చేవాణ్ణి నేను రెండు చేతులా ఆహ్వానిస్తాను. మన వాళ్ల చోటు పోతుందని బాధపడేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ చోటు క్లబ్బుల్లో ఎప్పుడో పోయింది, జాతీయ జట్టులో కాదు. అయితే ఆయన కూడా ఎక్కువగా పక్కనుంచి ఆడే ఆటగాడే. మధ్యలో నిలిచే మనిషి కావాలన్న లెక్క ఆయనతో తీరదు.

(మరొకరు: "సరే సార్, రేపు జట్టు మీరే ఎంచుకోవాలి. ఎవరిని పెడతారు? తప్పించుకోకండి.")

తప్పించుకోను. మన్వీర్‌ని పెడతాను. అతని మీద మీకున్న ఫిర్యాదులన్నీ నాకు తెలుసు. ఫస్ట్ టచ్ ఒక్కోసారి గజం దూరం పోతుంది, ఖాళీగా దొరికినవి వదిలేస్తాడు. ఒప్పుకుంటాను. కానీ 2023 నవంబరు 16న కువైట్‌లో, వాళ్ల గడ్డ మీద, చాంగ్తే ఇచ్చిన క్రాస్‌ని కొట్టి 1-0తో గెలిపించింది అతనే. పక్కనుంచి బంతి సమయానికి వస్తే కొట్టగలడని ఆ రోజు చూశాం. ఉన్నవాళ్లలో సెంటర్ బ్యాక్‌ని వీపు మీద మోస్తూ నిలబడగల శరీరం అతనిదే. రహీమ్ అలీని చివరి అరగంటకి దింపుతాను. మడ్గావ్ మ్యాచ్‌కి ముందు సింగపూర్‌లో పదిమందితో ఆడుతూ 90వ నిమిషంలో వాళ్ల డిఫెండర్ తప్పుగా ఇచ్చిన బ్యాక్ పాస్‌ని పసిగట్టి గోల్ చేశాడు చూడండి, అలసిన డిఫెన్స్ మీద అలా వెంటపడేవాడు కావాలి. యాద్వాడ్‌ని శిబిరం నుంచి పంపించను, రెండేళ్లలో చోటు అతనిదే కావచ్చు.

కోచ్‌కి ఒక్కటే చెబుతాను. పది మ్యాచ్‌లు. గోల్ పడ్డా పడకపోయినా పది మ్యాచ్‌లు అతణ్ణే మధ్యలో ఉంచండి. రెండు మ్యాచ్‌లకొకసారి మారిస్తే చాంగ్తేకి అతని పరుగు ఎప్పుడు తెలుస్తుంది, లిస్టన్ ఎప్పుడు తల ఎత్తకుండానే దగ్గరి పోస్ట్‌కి వేస్తాడు? గచ్చిబౌలిలో చెయ్యి ఎత్తి ఎత్తి అలసిపోయినవాణ్ణి నేను చూశాను. ఆ చెయ్యి ఎత్తినప్పుడు బంతి వస్తుందో రాదో ముందు చూడండి, గోల్స్ తర్వాత లెక్కపెట్టండి.

పదో మ్యాచ్ అయ్యాక మళ్లీ ఇక్కడే కలుద్దాం. మన్వీర్ దగ్గర బంతి నిలవలేదని తేలితే ఇదే మైకు పట్టుకుని నేను తప్పని చెబుతాను. ఇంకో ప్రశ్న ఎవరిది? వెనక చెయ్యి ఎత్తారు, చెప్పండి.